ఊపిరాడని బురుజు

ఈ ఉదయం సైట్‌లో సున్నం బకెట్ మూత తీయగానే తడి వాసన గుప్పుమంది. ఘాటుగా ఉండి ముక్కులోకి పోతుంది. నాకు మాత్రం అది వసుంధర గారి వాసన. అమెరికాలో నా మొదటి బాస్ ఆవిడ. హెర్న్‌డన్‌లో పాత కట్టడాలను బాగుచేసే చిన్న ఆఫీసు నడిపేవారు. ఆవిడ పోయి రెండేళ్ళయింది.

నేను చేరిన ఏడాదే మాకు ఒక ఫ్రెంచి ఇల్లు బాగుచేసే పని దొరికింది. ఆరేడు వందల ఏళ్ళ కిందట ఫ్రాన్స్‌లో ఒక పల్లెటూరి దొర కట్టుకున్న ఇల్లది. మా తెలంగాణలో గడీ ఎలాగో అక్కడ అది అలాగ. కింద తగవులు తీర్చే పెద్ద హాలు, పైన దొర పడకగది, రెంటినీ కలుపుతూ గుండ్రటి బురుజులో మెలి తిరిగిన రాతి మెట్లు. పెరట్లో పావురాల గూడు కూడా ఉండేదట. పావురాలు పెంచే హక్కు దొరదే, అవి గింజలు తినేది మాత్రం రైతుల పొలాల్లో! వందేళ్ళ కిందట ఒక అమెరికా కోటీశ్వరుడు ఆ ఇంటిని రాయి రాయిగా విప్పించి, నంబర్లు వేయించి, ఓడలో తెప్పించి వర్జీనియాలో మళ్ళీ కట్టించాడు. అన్నీ సరిగ్గానే అమర్చారు గానీ, బురుజు రాళ్ళ మధ్య సున్నం బదులు సిమెంటు పెట్టారు. అదే కొంప ముంచింది. సున్నమైతే లోపలి తడిని బయటికి వదులుతుంది, సిమెంటు వదలదు. ఆ తడి మెత్తటి రాతిలోనే నిలిచి, చలికాలంలో గడ్డకట్టి, రాయి పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది.

ఇప్పటి ఓనర్ ఆ ఇంటిని పెళ్ళిళ్ళకు అద్దెకిస్తాడు. "సిమెంటుతోనే పూడ్చేయండి. చలి రాకముందే అయిపోవాలి, లేకపోతే వేరేవాళ్ళని చూసుకుంటా" అన్నాడు. సున్నం పనికి తొందర పనికిరాదు. తడి గోనెపట్టాలు కప్పి మెల్లగా ఆరనివ్వాలి, చలి ముదిరాక అసలు ముట్టుకోకూడదు. వసంతం దాకా ఆగమన్నారావిడ. అతను ఆగనన్నాడు. "అయితే వేరేవాళ్ళనే చూసుకోండి" అని కొలతల టేపు చుట్టి బ్యాగులో వేసుకున్నారు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే అనుకున్నాను. ఆ కాంట్రాక్టు మీదే ఆఫీసు నడుస్తోంది. అది మూతపడితే నా వీసా గల్లంతు.

కార్లో నాకు ఏడుపొచ్చేసింది. "మేడమ్, నా వీసా ఎక్స్‌టెన్షన్ వచ్చే నెలే ఫైల్ చేయాలి. మీకు మనుషులకన్నా రాళ్ళే ఎక్కువైనయా?" అనేశాను.

ఆవిడ కోప్పడలేదు. "మాది బేతంచెర్ల పాపా. మా ఇంట్లో అందరూ రాయితోనే బతికినారు. తెలిసి తెలిసి రాయిని చంపే పని నేను చేయను. నీ ఎక్స్‌టెన్షన్ ఫైల్ చేస్తా. జీతం నా తలనొప్పి, నీది కాదు. ఫస్ట్ ఏమన్నా తిందాం పద, ఆకలైతాంది" అన్నారు.

ఆ నెలాఖరుకే ఆఫీసు ఖాళీ చేసి తన ఇంటి గరాజ్‌లోకి మార్చారు. తన కారును బయట మంచులో వదిలేసి లోపల మా డెస్కులు వేయించారు. హీటర్ కాళ్ళ దగ్గర పెట్టుకుని, వంటింటి తాలింపుకు తుమ్ముతూ పనిచేశాం. ఎవరిదో పొగగొట్టం, ఎవరిదో ప్రహరీ గోడ, ఏది దొరికితే అది పట్టుకొచ్చారు. ఒక్కరిని కూడా తీసేయలేదు. నా ఎక్స్‌టెన్షన్ కూడా వచ్చింది.

మార్చిలో ఓనర్ ఫోన్ చేశాడు. వేరేవాళ్ళు పెట్టిన కొత్త సిమెంటు చుట్టూ రాళ్ళు ఊడి పడ్డాయట. 'చెప్పానా లేదా' అని ఆవిడ దులిపేస్తారని మేమంతా చెవులు రిక్కించాం. "ఎన్ని రాళ్ళు పోయాయి?" అని మాత్రమే అడిగారు. ఫోన్ పెట్టేశాక కళ్ళు తుడుచుకున్నారు. ఆ తర్వాత ఓనర్‌ని నోటికొచ్చినట్టు తిట్టారనుకోండి, అది వేరే సంగతి. ఆ వేసవంతా బురుజుకు సున్నమే పెట్టాం.

గ్రీన్ కార్డు వచ్చాక నేనూ చిన్న ఆఫీసు పెట్టుకున్నాను. ఈ ఉదయం వెళ్ళింది రాతితో కట్టిన ఒక పాత మిల్లుకు. సున్నం ఎలా ఉంటుందో చూపిద్దామని బకెట్ తెరిచానో లేదో, మిల్లు యజమాని "సిమెంటుతో చేసేటట్టయితేనే ఉండండి" అన్నాడు. మూత పెట్టేసి వచ్చేశాం. కారెక్కాక, నా దగ్గర పనిచేసే హర్షిత సీటు బెల్టు పట్టుకుని నోరు తెరవబోయింది. తన వీసా ఎప్పటిదాకా ఉందో నాకు తెలుసు.

"జీతం నా తలనొప్పి, నీది కాదు" అన్నాను.

ఇంటికొచ్చి గరాజ్ ఖాళీ చేయడం మొదలుపెట్టాను.