బేరమాడే గ్రహాంతరవాసి

మీసాలు సరిగ్గా రాని ఆ రోజుల్లో నాకు విశ్వమంతా తెలుసు. తెలియనిదల్లా వరంగల్‌లోని మా చీరల దుకాణం ఒక్కటే. ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో సైన్స్ ఫిక్షన్ రచయితనైపోవాలని తీర్మానించుకున్నాను. (విశ్వం అభ్యంతరం చెప్పలేదు.) మా బాపు మాత్రం షరతు పెట్టాడు. "ఒక్క కథ అచ్చయితే నీ ఇష్టం, రాసుకో. అప్పటిదాంక ఐతారం ఐతారం వచ్చి దుకాణంల కూసోవాలె."

నా గ్రహాంతరవాసికి ఆకుపచ్చ చర్మం, మూడు కళ్లు, ఆరు చేతులు ఇచ్చాను. అంత దానం చేసినవాణ్ణి బుద్ధి దగ్గరకొచ్చేసరికి పిసినారినయ్యాను. వాడు భూమ్మీద దిగీదిగగానే హాస్టల్ పప్పును తిట్టి, పక్క బ్రాంచి అమ్మాయిని ప్రేమించాడు. వారపత్రిక ఎడిటర్ గారు కథ తిప్పి పంపుతూ, "చర్మం దానిది, బుద్ధి మీది. దాని తీరు మనకు వింతగా ఉండాలి, దానికి మాత్రం సబబుగా తోచాలి" అని రాశారు. మహానుభావుడికి సాహిత్యం తెలియదని తేల్చేసి, ఆదివారం ఏడుపు ముఖంతో దుకాణంలో కూర్చున్నాను.

పరకాల నుంచి ఒకావిడ వచ్చి, నలభై చీరలు విప్పించి, ప్రతి అంచుకూ వంక పెట్టి, ఒక్కటీ కొనకుండా వెళ్లిపోయింది. బాపు ముఖం వెలిగిపోయింది! ఆ వెనకే ఒకాయన వచ్చి, చెప్పిన ధర మారుమాట లేకుండా ఇచ్చేసి, చీర తీసుకుపోయాడు. ఆ మధ్యాహ్నం బాపు అన్నం ముట్టలేదు.

"అమ్ముడువోయింది గద బాపూ, ఇంక ఫికర్ ఎందుకు?" అన్నాను.

"బేరం ఆడలే బిడ్డా. ఆమె గంటసేపు మనతోని కొట్లాడింది, మల్ల వస్తది. ఆయన గోడకు పైసలిచ్చినట్టు ఇచ్చి పోయిండు. ఇగ రాడు."

ఆ బుద్ధిని ఉన్నదున్నట్టు నా ఆకుపచ్చవాడికి అతికించాను. భూమి వాళ్లు బేరమాడకుండా తాను అడిగినంతా ఇచ్చేశారని అవమానపడి, వాడు ఓడెక్కి వెళ్లిపోయాడు. కథ అచ్చయింది. "ఇంత వింత మెదడును ఎలా ఊహించారు?" అని ఎడిటర్ గారు ఉత్తరం రాశారు. బాపు వేలు పెట్టి వరసవరసా చదువుతుంటే నా పైప్రాణాలు పైనే పోయాయి. చివరికి కళ్లద్దాలు తీసి, "ఈ కథల జర తెలివున్నోడు ఆ పచ్చోడొక్కడే" అన్నాడు.

షరతు ప్రకారం నేనే గెలిచాను. కానీ రెండో కథకు మరో బుర్ర కావాలన్నా దుకాణానికే పోవలసి వచ్చింది. అలా పోయి పోయి అక్కడే ఉండిపోయాను. మొన్న ఒక కుర్రాడు మాటా పలుకూ లేకుండా ఫోన్‌తో డబ్బు కట్టి చీర పట్టుకుపోయాడు. నాకు ముద్ద దిగలేదు. ఈ బాధ తెలిసిన మనిషి బాపు ఒక్కడే, ఆయన ఇప్పుడు లేడు. ఆ పచ్చోడు ఆయనేనని చివరిదాకా చెప్పలేకపోయాను. చెప్పి ఉంటే, "మూడు కండ్లు ఎక్కువైనయ్, రెండు చేస్కో" అని బేరమాడేవాడు.