బెల్లం గోదాము, మూడు మంచి రిపోర్టులు

2006 ఫిబ్రవరిలో నన్ను అనకాపల్లికి సర్వీస్ ఇంజనీరుగా వేశారు. మాది విశాఖపట్నంలో ఒక నీటి శుద్ధి కంపెనీ. ఊరు తాగే నీళ్ళతో మాకు పని లేదు. బాయిలర్లలో, ఏసీ ప్లాంట్లలో, కోల్డ్ స్టోరేజీల్లో తిరిగే నీళ్ళే మా రోగులు. సర్వీస్ ఇంజనీరు అంటే ఒక మోటారు సైకిలు, పరీక్ష రసాయనాలున్న ఒక ప్లాస్టిక్ పెట్టె, ఆ రెంటినీ కలిపే మనిషి. హోదాలో నా పైన ఏరియా మేనేజరు ఉండేవారు, నా కింద ఎవరూ లేరు. ఆ ఉద్యోగం పదమూడేళ్ళు చేసి, నలభై రాకముందే స్వచ్ఛందంగా మానేశాను. విరమణకి నెరిసిన జుట్టు తప్పనిసరి అని నా నియామక పత్రంలో ఎక్కడా రాసి లేదు.

నాకు అప్పగించిన వాటిలో పెద్దది హైవేకి దగ్గర్లో ఉన్న బెల్లం కోల్డ్ స్టోరేజీ. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చిన దిమ్మల్ని వేసవి మొదట్లో లోపల పెడతారు, వానాకాలం దాటాక తీస్తారు. బయట ఉంచితే బెల్లం చెమ్మ పట్టి కారిపోతుంది. లోపల చల్లబరిచేది అమ్మోనియా. కంప్రెసర్ నుంచి వేడిగా వచ్చే ఆ గ్యాసు కండెన్సర్ అనే పెద్ద పీపాలోకి వెళుతుంది. పీపా నిండా ఇనుప గొట్టాలు, గొట్టాల్లో నీళ్ళు. గ్యాసు వేడిని నీళ్ళు తీసుకుని డాబా మీది కూలింగ్ టవర్‌కి వెళ్ళి, గాలికి చల్లారి, మళ్ళీ కిందికి వస్తాయి.

ఈ తిరుగుడులో కొన్ని నీళ్ళు ఆవిరైపోతాయి, వాటిలోని సున్నం మాత్రం ఆవిరి కాదు. చెరుకు రసం మరిగితే ఏం మిగులుతుందో అనకాపల్లిలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఇక్కడ మిగిలేది తియ్యగా ఉండదు, అంతే తేడా. అది గొట్టాల లోపల పొలుసు కడితే గ్యాసు వేడి నీళ్ళకి అందదు, గ్యాసు పీడనం పెరుగుతుంది, ఓ హద్దు దాటాక కంప్రెసర్ తనంతట తానే ఆగిపోతుంది. అలా జరగకుండా చిక్కబడ్డ నీళ్ళు కొన్ని కాలవలోకి వదలాలి, ఒక చిన్న పంపుతో రోజూ మందు కలపాలి, నెలకోసారి టవర్ నీళ్ళ నమూనా ల్యాబ్‌కి పంపాలి. నమూనా తీసే పద్ధతికి కంపెనీ పుస్తకంలో ఒక పేజీ ఉంది. ఇంజనీరు స్వయంగా తియ్యాలి. టవర్ లైన్ కుళాయి తిప్పి నీళ్ళు రెండు నిమిషాలు వదలాలి. అదే నీళ్ళతో సీసా మూడుసార్లు కడగాలి. చివర ‘నమూనా తీసినవారు’ అనే గడిలో సంతకం చెయ్యాలి. నాలుగింటిలో ఎండలో నిచ్చెన ఎక్కనక్కర్లేనిది చివరిది ఒక్కటే.

అక్కడి ప్లాంటు ఆపరేటరు ఇమ్మానుయేలుకి యాభై దాటాయి. ఆదివారం ఉదయం చర్చిలో, మిగతా వారమంతా కంప్రెసర్ పక్కన ఉండేవాడు. మిషను చప్పుడు విని పీడనం ఎంతో చెప్పి, తర్వాత గేజి చూసి, సరిగ్గా చూపించినందుకు గేజిని మెచ్చుకునేవాడు. మాది పక్కనున్న కశింకోటే అని తెలిశాక నన్ను బాబూ అని పిలిచేవాడు, నేను మామా అనేవాణ్ణి.

ఫిబ్రవరి నమూనా నేనే తీశాను. మార్చి నుంచి నేను బండి ఆపేసరికి నిండు సీసా గోదాము మేనేజరు గదిలో బల్ల మీద, ఫ్యాను కింద సిద్ధంగా ఉండేది. పక్కన టీ. టీ తాగి, సంతకం పెట్టి, సీసాని విశాఖపట్నం బస్సులో పార్సిల్ చేసేవాణ్ణి. మార్చి రిపోర్టులో కాఠిన్యం, అంటే నీళ్ళలోని సున్నం, బాగా తగ్గింది, కానీ మందు అసలు లేదని వచ్చింది. పంపు నడుస్తూనే ఉంది కదా అనుకుని, ఈసారి మందు కనబడాలని ఇమ్మానుయేలుకి గట్టిగా చెప్పాను. ఏప్రిల్‌లో కనబడింది, కావలసినదానికి రెట్టింపు. పంపు సగానికి తగ్గించాను. మే నెలలో ఇంకా ఎక్కువ వచ్చింది. ఇంకా తగ్గించాను. కాఠిన్యం మాత్రం మూడు నెలలూ ముచ్చటగా ఉంది. నిజానికి మా మందు సున్నాన్ని గొట్టాలకి అంటుకోనివ్వదు గానీ నీళ్ళలోంచి మాయం చెయ్యదు. ఇది నాకు తెలుసు. అయినా మంచి అంకె వచ్చినప్పుడు అది నా ప్రతిభే అయివుంటుందని ఒప్పుకోవడానికి పెద్దగా చదువు అక్కర్లేకపోయింది. ఏరియా మేనేజరు మెచ్చుకున్నారు కూడా.

జూన్‌లో పీడనం ఎక్కడం మొదలైంది. మామూలుగా నూట ఎనభై ఐదు దగ్గర నిలిచే గేజి ముల్లు రెండొందలు దాటింది. లోపల గాలి చేరిందేమోనని గ్యాసు మెకానిక్ వచ్చి రెండుసార్లు బయటికి వదిలాడు. ముల్లు కదల్లేదు. ఒక శుక్రవారం మధ్యాహ్నం రెండొందల ఇరవై దగ్గర, కంప్రెసర్‌ని ఆపే కటౌట్ స్విచ్ పడింది. సైరన్ లాంటిదేదో మోగుతుందని మీరు అనుకోవచ్చు. టక్కుమని చిన్న చప్పుడు వచ్చింది, కంప్రెసర్ ఆగింది, పక్కన పడుకున్న పిల్లి నిశ్శబ్దం భరించలేక లేచి వెళ్ళిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేస్తే అరగంట నడిచింది, మళ్ళీ ఆగింది. సాయంత్రానికి బయటి వరసల దిమ్మలకి చెమ్మ పట్టింది.

శనివారం పొద్దున్న వెళ్ళేసరికి గోదాము మేనేజరు నూకరాజు గారు తీర్పు సిద్ధం చేసి ఉంచారు. ఇమ్మానుయేలు గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“నీళ్ళు బాగున్నాయని మీ రిపోర్టులే అంటన్నాయి. మిషను బాగుందని మెకానిక్ అంటన్నాడు. ఇంక మిగిలిందేటండీ? మనిషే కదా,” అన్నారు నూకరాజు గారు. “సోమారం నుంచి ఇంకో ఆపరేటరు వత్తాడు.”

“పదిహేనేళ్ళు సేసేనండి,” అన్నాడు ఇమ్మానుయేలు.

“అందుకే సోమారం దాకా టైమిచ్చేను.”

వాదనలో లోపం లేదు. దాని పునాది నా మూడు రిపోర్టులు. ఫైలు అడిగి తీసుకుని అక్కడే కూర్చున్నాను. మొదటి కాగితం ఫిబ్రవరిలో చేసిన బోరు నీళ్ళ పరీక్ష. చివరిది మే నెల టవర్ రిపోర్టు. రెండూ పక్కపక్కన పెట్టి చూడటం అదే మొదటిసారి. బోరులోంచి వచ్చే నీళ్ళలో ఉన్న కాఠిన్యంలో మూడోవంతు కూడా టవర్ నీళ్ళలో లేదు. టవర్‌లో పోసేవి ఆ బోరు నీళ్ళే. గంటసేపు మరిగించాక పాలు పల్చబడ్డాయని ఎవరైనా అంటే నమ్మం. నేను నమ్మి, తేదీ వేసి సంతకం కూడా పెట్టాను.

ఇమ్మానుయేలుని బయటికి తీసుకెళ్ళి, నమూనా ఎక్కడ పడుతున్నాడో చూపించమన్నాను. ఆయన నిచ్చెన వైపు వెళ్ళలేదు. ఆఫీసు ముందున్న మున్సిపాలిటీ మంచినీళ్ళ కుళాయి దగ్గరికి వెళ్ళి ఆగాడు.

“ఇదేటి మామా?”

“మీరే కదా బాబూ సెప్పేరు.”

“నేనేం చెప్పాను?”

“మొదటిపాలి మీరే పైకెక్కి పట్టేరు కదా. పచ్చగా, నాసుతోటి ఉన్నాయి నీళ్ళు. ఈ సీసా ల్యాబుకి పంపిత్తే నాకు పెల్లి సంబంధాలు కూడా రావు మామా అన్నారు. మీ పెల్లి నేనెందుకు సెడగొట్టాలి? పైగా ఆఫీసర్లు సూసే సీసా. మురికినీళ్ళు పంపిత్తే మన గోదాం గురించి ఏటనుకుంతారు?”

“అది జోకు మామా.”

“జోకని సెప్పాలి కదా బాబూ. మీరు నవ్వకండా అంటారు.”

మందు సంగతి అడిగాను. అది కనబడాలని నేనే అన్నానట, అందుకని సీసాలోనే ఒక మూత మందు కలిపాడట. మే నెలలో రెండు మూతలు వేశాడు. ఎందుకంటే ఏప్రిల్ రిపోర్టులో ‘ఎక్కువ’ అన్న మాట చూసి, అది మెప్పు అనుకున్నాడు.

అంటే ఆయన సీసాకి వేసిన మందు చూసి, నేను టవర్‌కి వేసే మందు తగ్గించాను. ఒక లీటరు మంచినీళ్ళకి మూడు నెలలు శాస్త్రీయంగా వైద్యం చేశాం. అవి ఆరోగ్యంగానే ఉన్నాయి.

కండెన్సర్ మూత విప్పించాను. చిటికెనవేలు పట్టాల్సిన గొట్టాల్లో పెన్సిలు దూరడం కష్టంగా ఉంది. ఏరియా మేనేజరుకి ఫోన్ చేస్తే ఆయన అంతా విని, కారణం దగ్గర ‘ఆపరేటరు నిర్లక్ష్యం’ అని రాసి ముగించమన్నారు. అబద్ధం కూడా కాదని గుర్తుచేశారు. నిజమే, సగం నిజం. మిగతా సగం రాయకపోతే సోమవారం ఇమ్మానుయేలు ఇంటికి, నేను ఇంకో గోదాముకి వెళతాం. నాకు ఆ ఏర్పాటులో ఇబ్బంది ఏమీ లేదు, ఆయన మొహం చూడాల్సి రావడం తప్ప.

ఆదివారం ఇమ్మానుయేలు చర్చికి వెళ్ళలేదు. లారీలు ఆపి, గది తలుపులు తీయకుండా ఉంచి, తుప్పు పట్టనివ్వని మందు కలిపిన పల్చని యాసిడ్ గొట్టాల గుండా తిప్పాం. సున్నం ఉన్నంతసేపు నురగ వస్తుంది, నురగ ఆగితే పని అయినట్టు.

“సోడాబుడ్డి లాగుంది బాబూ,” అన్నాడు ఇమ్మానుయేలు.

“నిమ్మకాయ పిండకు మామా,” అన్నాను.

“ఇది జోకేనా?” అని అడిగి నిర్ధారించుకున్నాడు.

సాయంత్రానికి నురగ ఆగింది. మిగిలిన యాసిడ్ విరిగేలా బట్టల సోడా కలిపిన నీళ్ళతో కడిగి కంప్రెసర్ స్టార్ట్ చేశాం. ముల్లు నూట ఎనభై ఐదు దగ్గర నిలబడింది. ఈసారి ఇమ్మానుయేలు గేజిని మెచ్చుకోలేదు.

రిపోర్టులో కారణం దగ్గర ఇలా రాశాను: ‘మార్చి, ఏప్రిల్, మే నమూనాలు ఇంజనీరు స్వయంగా తీయలేదు. తీసినట్టు సంతకం చేశారు. తప్పు నమూనా ఆధారంగా మందు మోతాదు తగ్గించారు.’ సోమవారం నూకరాజు గారు దాన్ని రెండుసార్లు చదివారు.

“అయితే తీసెయ్యాల్సింది మిమ్మల్నన్నమాట,” అన్నారు.

అవునన్నాను. ఆయన మాట మీద నిలబడే మనిషి. ఇమ్మానుయేలుని ఉంచారు, మా కంపెనీని తీసేశారు. నాకు ఒక మెమో వచ్చింది. ఉద్యోగం పోలేదు, అనకాపల్లి రావడానికి మా వాళ్ళలో ఇంకెవరూ ఒప్పుకోలేదు మరి. చెమ్మ పట్టిన దిమ్మల్ని ముందుగా అమ్మేశారు. పీడనం గురించి కొన్నవాళ్ళెవరూ అడగలేదు.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవారికి ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను. ల్యాబ్ తప్పు చెప్పలేదు. పరీక్ష ఎంత కచ్చితమైనదైనా సీసాలో ఉన్న నీళ్ళ గురించే చెబుతుంది. ఆ నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయో చెప్పాల్సింది సంతకం పెట్టినవాడు. మూడు నెలలపాటు నా పనిలో అదొక్కటే నేను చెయ్యలేదు.