ఎంత కావాలో అంతే అడగమన్న రాహేలక్క

పొద్దున మొదటి టీ నేను తాగను, పట్టుకుంటాను. మార్కాపురంలో మా స్టీలుసామాన్ల దుకాణం మీది గదిలో కూర్చుని, రెండు అరచేతుల మధ్య గ్లాసు పెట్టుకుని, ఆ వేడి వేళ్ల కణుపుల్లోకి దిగేదాకా కదలను. కింద నాయన షట్టరు ఎత్తిన చప్పుడు వినిపిస్తుంది. నా వేళ్ల షట్టరు తెరుచుకోవడానికి ఇంకో గంట పడుతుంది. ఆ వేడి తగిలినప్పుడల్లా రాహేలక్క గుర్తొస్తుంది. నా చేతుల్లో ఏదో తేడా ఉందని అందరికన్నా ముందు కనిపెట్టింది ఆమే. హైదరాబాదు ఆఫీసులో కాఫీ కప్పును తాగకుండా పట్టుకుని కూర్చున్న నన్ను రెండు వారాలు గమనించి, డాక్టరు దగ్గరికి తరిమింది. కీళ్లవాతమని తేలింది. అప్పటికి నాకు ముప్పయ్యేళ్లు కూడా లేవు.

ఆమె మా టీముకు మేనేజరు. మొదటి ఏడాదంతా నాకు ఆమె మేడమే. ఆమె ఇంగ్లీషు విని ఎక్కడో కాన్వెంటులో పెరిగిన మనిషి అనుకున్నాను. ఒకరోజు ఫోనులో నాయనతో గట్టిగా మాట్లాడుతుంటే వెనక నుంచి వచ్చి, "ఏ ఊరమ్మాయ్ మీది?" అంది. ఆమెది యర్రగొండపాలెం దగ్గర పల్లె. అమ్మానాన్నలు మిరప చేలల్లో కూలి చేసి చదివించారట. ఆ రోజు నుంచి మేడం పోయి అక్క వచ్చింది. ఊరి మనిషి దొరికింది కదా, ఇక సెలవుల విషయంలో కొంత తగ్గింపు ఉంటుందని లోపల లెక్కేసుకున్నాను. ఏమీ ఉండలేదు. నా తప్పులు ఇప్పుడు మా యాసలో దిద్దడం మొదలుపెట్టింది, అంతే తేడా.

కరోనాలో అందరితోపాటు నేనూ ఇంటికొచ్చేశాను. ఇక్కడ పొద్దున అమ్మ తల దువ్వుతుంది, బొత్తాలు పెడుతుంది. పదిన్నర దాటాక నా వేళ్లు నా మాట వింటాయి, రాత్రి ఎనిమిది దాకా పని చేస్తాను. మూడేళ్లలో నా పని ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదు. అప్పుడొచ్చింది మెయిలు: ఫలానా తేదీ నుంచి అందరూ వారానికి ఐదు రోజులు ఆఫీసుకు రావాలి, తొమ్మిదిన్నరకల్లా గేటు దగ్గర కార్డు గీకాలి. పక్కపక్కన కూర్చుంటే ఉత్సాహం పెరుగుతుందట. ఆ మూడేళ్లూ మా ఇళ్లల్లో, మా కరెంటుతో, మా కుర్చీల్లో చేయించుకున్న పనికి ఏ ఉత్సాహం తక్కువైందో ఎవరూ చెప్పలేదు. ఆరోగ్యం బాగాలేనివాళ్లు డాక్టరు ఉత్తరం జత చేసి మినహాయింపు అడగొచ్చని కింద చిన్న అక్షరాల్లో రాశారు.

ఇక్కడే నేను మా వంశానికి తగ్గ పని చేశాను. దుకాణంలో ఆరొందలకు ఇవ్వదలచుకున్న బిందెకు తొమ్మిదొందలు చెబుతాం. వచ్చినామె నాలుగొందలు అంటుంది. ఇద్దరికీ తెలుసు ఎక్కడ ఆగుతామో. దాన్ని ఎవరూ అబద్ధం అనరు. నిజానికి నేను నెలకు ఒక వారం హైదరాబాదు వెళ్లగలను, పదకొండుకు మొదలుపెట్టనిస్తే. కానీ వారం అని రాస్తే వాళ్లు మూడు వారాలంటారని, అసలు ప్రయాణమే కుదరదని రాయమన్నాను మా డాక్టరును. ఆయన మా పాత ఖాతాదారు. కళ్లజోడు తీసి నా వైపు ఒకసారి చూసి, మొహమాటానికి రాసిచ్చాడు. చాలా తెలివైన పని చేశానని మెట్లు దిగుతూ మురిసిపోయాను.

వాళ్లు బేరానికి రాలేదు. వీడియో కాల్ పెట్టారు. హెచ్చార్ నుంచి ఒకాయన, పక్కన రాహేలక్క. ఈ వయసులో కీళ్లవాతమా అని ఆశ్చర్యపోయి, ఒకసారి చేతులు కెమెరాకు చూపించగలరా అన్నాడాయన. నేను ఎత్తి చూపించాను. ఇప్పుడు తలుచుకున్నా ఒళ్లు మండేది ఆయన అడిగినందుకే కాదు, నేను ఎత్తినందుకు కూడా. మధ్యాహ్నం మూడు గంటలకు నా వాపు తగ్గి ఉంటుంది. పెద్దగా ఏమీ కనిపించడం లేదే అన్నాడు.

"చేతులు దించు" అంది రాహేలక్క, తెలుగులో. తర్వాత ఆయన వైపు తిరిగి, చెయ్యి చూసి జబ్బు చెప్పే చదువు మీరు చదివి ఉంటే సరే, లేకపోతే డాక్టరు కాగితం చదవండి అని ఇంగ్లీషులో నిదానంగా చెప్పింది.

చదివారు. వారం తిరిగేసరికి జవాబొచ్చింది. ప్రయాణమే కుదరదని మీరే అంటున్నారు కాబట్టి అసలు మీరు ఈ ఉద్యోగానికి పనికొస్తారా అని మాకు అనుమానం. పనికొస్తారని డాక్టరు రాసిచ్చేదాకా జీతం లేని సెలవులో ఉండండి. పది రోజుల్లో ఏదో ఒకటి తేల్చండి. మందులకు నెలకు నా జీతంలో మూడో వంతు పోతుంది. ఆ జీతమే ఆపుతామంటున్నారు.

అక్కకు ఫోను చేసి ఏడ్చాను, కంపెనీని తిట్టాను. ఆమె అంతా విని ఒకటే అడిగింది: నిజంగా ఎంత రాగలవు? నెలకో వారం అన్నాను. మరి అదెందుకు రాయలేదంటే, బిందె కథ చెప్పాను. అప్పుడంది అక్క:

"వాళ్లు చేసింది అన్యాయమే, దాంట్లో రెండో మాట లేదు. కానీ నీకు ఎంత కష్టముందో నువ్వే కనపడకుండా చేసినావు అమ్మాయ్. ఇప్పుడు నేను దేన్ని పట్టుకుని కొట్లాడాల?"

ఆమే మళ్లీ అంది:

"మీ దుకాణపోళ్లు ఎక్కువ అడుగుతారు. మేం కూలికి పోయినోళ్లం, తక్కువ అడుగుతాం. మాయమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు నాకు పది రోజులు కావాల్సొచ్చింది. పదంటే అసలుకే లేదంటారేమోనని నాలుగు అడిగినా. నాలుగు ఇచ్చినారు. ఐదో రోజు వచ్చి సీట్లో కూర్చున్నా. ఆరో రోజు అమ్మ పోయింది. నేనడిగింది వాళ్లు ఇచ్చినారు కదా, ఎవుర్ని తిట్టేది?"

ఎవరిని తిట్టాలో నాకు తెలుసు, ఇప్పటికీ తిడుతూనే ఉన్నాను. ముప్పైమందిని నడిపే మనిషి తల్లి మంచం పక్కన కూర్చోవడానికి రోజులు తగ్గించుకుని అడగాల్సి వచ్చిందంటే, ఆ భయం ఆమె పుట్టుకతో తెచ్చుకున్నది కాదు.

మర్నాడు మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఉన్నదున్నట్టు రాయడం ఆయనకూ తేలికైనట్టుంది. కంపెనీకి పెట్టే ఉత్తరం నేను ఫోనులో చెబుతుంటే అక్క టైపు చేసింది. నాలుగే వాక్యాలు. పొద్దున పదిన్నర దాకా నొప్పితో వేళ్లు పట్టవు. నెలకు ఒక వారం రాగలను. ఆ వారం పదకొండుకు మొదలుపెడతాను. మిగతా మూడు వారాలు ఇంటి నుంచి చేస్తాను. నొప్పి ముందు 'భరించలేని' అని చేర్చమన్నాను. "అది వద్దు. ఎంతుందో అంతే" అంది. దాని కింద మేనేజరుగా ఆమె రాసింది: ఈ ఉద్యోగి పని మూడేళ్లలో ఒక్కసారీ ఆలస్యం కాలేదు. ఇలాంటివాటి మీద సంతకం పెడితే మీ సొంత రేటింగుకు మంచిది కాదని పైనుంచి ఎవరో ఆమెకు చెప్పారట. పెట్టింది.

ఒప్పుకున్నారు, మూడు నెలలకు. ఆ తర్వాత ప్రతి మూడు నెలలకూ మళ్లీ అడగాలి. ఆ ఏడాది నా రేటింగు తగ్గింది. కారణం, ఆఫీసులో తక్కువగా కనిపించడం. ఆమెదీ తగ్గింది, దానికి కారణం కూడా రాయలేదు. మరుసటి ఏడాది ఆమె టీమును రెండుగా చీల్చారు. ఆమె రాజీనామా చేసి వేరే కంపెనీకి వెళ్లిపోయింది. వెళ్లేముందు ఫోను చేసి, ఉత్తరం కాపీ భద్రంగా పెట్టుకున్నావా అని మాత్రం అడిగింది.

పోయిన వారం మళ్లీ మినహాయింపు ఫారం వచ్చింది. కొత్త మందు కాస్త పని చేస్తోంది. పొద్దున ఒక అరగంట కలిసొచ్చింది. ఆ అరగంటను గల్లాపెట్టెలో దాచుకోమని నా రక్తం చెప్పింది. దాచలేదు, పదకొండును పదిన్నర చేశాను. మూడు నెలలకోసారి తగ్గి పెరిగే జబ్బు కాదిది, అనుమతి ఏడాదికి ఇవ్వండి అని కూడా రాశాను. రెండేళ్లు అడిగి ఏడాదికి దిగుదామని వేలు కీబోర్డు మీద కాసేపు ఊగింది. ఏడాదే అడిగాను. జవాబు ఇంకా రాలేదు. కుదరదంటే మళ్లీ అడుగుతాను, ఆ ఒక్క ఏడాదే.