పోలరాజు ఊపిరి

హిందీ ఊళ్లోని మా సిద్ధగోరా తెలుగు వీధిలో దాలమ్మ నోటికి జడవని వాళ్లు లేరు. ఆమె జడిసింది ఒక్క మొగుడి దగ్గుకే. పోలరాజు ఇనుము పోతపోసే ఫౌండ్రీలో అచ్చుల ఇసుక దులిపేవాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి, పిల్లికూతలతో రాత్రంతా కూర్చునే కునికేవాడు.

ఆస్పత్రిలో పరీక్షకని తీసిన ఊపిరితిత్తి ముక్కలో కొంత పరిశోధనకు వాడుకోమని తనే సంతకం పెట్టాడు. ఆ తర్వాత ఎన్నాళ్లో బతకలేదు. సువర్ణరేఖ ఒడ్డున పదో రోజు పిండం పెడితే ఒక్క కాకీ ముట్టలేదు. వంతెన మీద వరసగా కూర్చుని మమ్మల్నే చూశాయి. చివరికి ఆవుకి పెట్టేసి వచ్చాం.

ఎదురింటి సౌజన్య ఆ ముక్క చేరిన ల్యాబులోనే పనిచేస్తుంది. "మామయ్య కణాలు మా చిప్‌లో బతికే ఉన్నాయి అత్తా, ఊపిరి కూడా తీస్తున్నాయి" అంది ఓదార్పుగా. ఓదార్చడానికి ఇంకేమీ దొరకలేదు కాబోలు!

"మనిసి ఊపిరి తీత్తంటే కాకెలాగ ముడతాది? ఆపించేత్తాను" అంటూ దాలమ్మ పక్కింట్లో ఉన్న నన్ను కద్మా పేటలోని ల్యాబుకి లాక్కుపోయింది.

చిప్ అగ్గిపెట్టెకన్నా చిన్నది. మెత్తటి పారదర్శకమైన పలకలో వెంట్రుకంత కాలువలు. మధ్యలో పల్చటి పొర, దాని మీద యంత్రం అచ్చువేసిన పోలరాజు కణాలు. పైన గాలి, కింద ఎర్రటి ద్రవం. పంపు లాగి వదులుతుంటే పొర సాగుతోంది, ముడుచుకుంటోంది. పక్కనున్న కంప్యూటర్ తెర మీద అది పెద్దగా కనపడేసరికి నేను వెనక్కి జరిగాను. చప్పుడు లేని ఊపిరి అంత భయపెడుతుందని నాకు తెలియదు.

దాలమ్మ తెరకు చెవి ఆనించింది. చాలాసేపు అలాగే ఉంది.

"నొప్పేటైనా ఉంటాదా అమ్మా?"

"కుఛ్ నహీ అత్తా. ఏ నొప్పీ ఉండదు."

"పిల్లికూతలు లేవే!" దాలమ్మ ముఖం విచ్చుకుంది. "సుకంగా తీత్తన్నాడు. ఉండనియ్యి, ఆపకు."

సౌజన్య సంబరపడిపోయింది. "రేపట్నించి అస్లీ టెస్ట్ అత్తా. ఇందులోకి దుమ్ము ఊదుతాం. తర్వాత మందు వేసి, పనిచేస్తుందో లేదో చూస్తాం."

"ఏ దుమ్ము?"

"అదే, ఫౌండ్రీ ఇసుక దుమ్ము."

దాలమ్మ పంపు తీగ వెంట చూపు పోనిచ్చి, గోడ దగ్గరికి నడిచి, ప్లగ్ పీకేసింది. సౌజన్య కెవ్వుమంది. తెర మీద పొర ఒక్కసారి సాగి ఆగిపోయింది.

"ఒద్దు మావా, మళ్లీ ఆ డూటీకి ఎల్లకు" అంది దాలమ్మ, నా పక్కనున్న ఖాళీ చోటుకేసి చూస్తూ. "రా, ఇంటికెల్లిపోదుం."