ఏ డబ్బాలు?

ఇన్నేళ్లుగా ఒక మనిషి పేరు నా గుండెల మీద బండలా ఉంది. ఆయనకు దొంగ అన్న పేరు తెచ్చిపెట్టింది నేనే. ఈ మాట మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. చదివి జాలిపడకండి, నాకు నచ్చదు.

తొంభై తొమ్మిదిలో మేమిద్దరం చందానగర్‌లో అద్దెకుండేవాళ్లం. నేను శేరిలింగంపల్లిలో ఒక చర్చి బడిలో టీచర్ని. మావారు మాదాపూర్‌లో ఒక కంప్యూటర్ కంపెనీలో పాత ప్రోగ్రాముల్లో తేదీలు సరిచేసేవారు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తికమకపడి కరెంటు, నీళ్లు, బ్యాంకులు అన్నీ ఆగిపోతాయని ఆయన భయం. రోజంతా తప్పుల మధ్యే కూర్చునే మనిషికి లోకమంతా తప్పుల తడకలా కనిపించిందేమో. ఎండబెట్టిన కూరలు, గుడ్ల పొడి, పాలపొడి, ఇలా ఏళ్ల తరబడి చెడిపోని తిండి డబ్బాలకు అమెరికాలో ఆర్డరు పెట్టారు.

అవి ఎంతకీ రావు. ఓడ ఆలస్యమన్నారు, తర్వాత బొంబాయి కస్టమ్స్‌లో ఆగాయన్నారు. ఆ సరుకును బొంబాయిలో ఉన్న తన బావమరిది ద్వారా తెప్పిస్తున్నది యాదగిరి అన్నయ్య, మావారి ఆఫీసు స్నేహితుడు. మావారు రోజూ ఆయన ప్రాణం తోడేసేవారు. ఆయన విసుక్కోకుండా బొంబాయికి ఫోన్లు చేసేవాడు.

ఈలోగా మావారు వెనక గదికి కొత్త తాళం కొన్నారు. గడ్డురోజులే వస్తే మా బడి హాస్టల్ ఆడపిల్లలకు కొంచెం ఇద్దామా అని అడిగాను. మనిద్దరికే తెప్పిస్తున్నానని, ఎవరొచ్చి తలుపు కొట్టినా తీయొద్దని అన్నారు. ఏ పూట అన్నం ఆ పూట పెట్టమని ప్రార్థించుకునే ఇల్లు మాది. ఆ రోజు నుంచి నాకు ఆ ప్రార్థన నోట రాలేదు.

డిసెంబరులో ఒక శనివారం మధ్యాహ్నం, మావారు ఆఫీసులో ఉండగా, యాదగిరి అన్నయ్య ట్రాలీ ఆటోలో ఆ పెట్టెలు తెచ్చాడు. తానే మోసి వరండాలో పెట్టి, మంచినీళ్లు తాగి వెళ్లాడు. వాటిని చూస్తుంటే నాకు ఒళ్లు మండింది. హాస్టల్ జీపుకు కబురు పెట్టి అన్నీ ఎక్కించి పంపేశాను. ఎవరిచ్చారో చెప్పొద్దని డ్రైవరుతో అన్నాను. మంచి పని చేశానా? చేశాను. ఇప్పటికీ అదే అంటాను.

సాయంత్రం మావారు యాదగిరి అన్నయ్యను వెంటబెట్టుకుని వచ్చారు. ఎన్నో నెలల తర్వాత మావారి ముఖంలో నవ్వు చూశాను. డబ్బాలు ఎక్కడ పెట్టావని అడిగారు.

"ఏ డబ్బాలు?" అన్నాను.

నిజం చెప్పాలనే కాచుకుని ఉన్నదాన్ని. మరి ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది? భయమా? భయం కొంతే. ఆ గది ఖాళీగానే ఉండాలన్న పంతం, అది ఎవరి వల్ల ఖాళీగా ఉందో తెలియకూడదన్న పిరికితనం, రెండూ కలిసి నా నోటితో మాట్లాడాయి.

"అదేంది చెల్లెమ్మా, పగటీలి నీ చేతికే అప్పజెప్పిన గద."

"లేదన్నయ్యా. మీరు రాలేదు."

ఆయన నా కళ్లలోకి చూశాడు. ఆయనకు అర్థమైపోయింది. పక్కింటివాళ్లను పిలిచి అడిగితే చాలు, నా బండారం బయటపడేది. అడగలేదు. మావారి వైపు తిరిగి, "అయితే నేనే ఏడనో దింపిన్నేమో, ఏమనుకోకు," అని చెప్పులేసుకున్నాడు.

సోమవారానికల్లా యాదగిరి సరుకు అమ్ముకున్నాడన్న మాట ఆఫీసంతా పాకింది. పాకించింది మావారే. కొద్దిరోజులకు యాదగిరి అన్నయ్య ఆ ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు. కొత్త సంవత్సరం వచ్చింది. నల్లాలో నీళ్లు ఎప్పటిలాగే వచ్చాయి. డబ్బాలు రాకపోవడమే మంచిదైందని మావారు నవ్వారు. అప్పుడైనా చెప్పొచ్చు కదా? పాత భయం గుర్తుచేసి మావారిని చిన్నబుచ్చడం ఎందుకని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అదీ అబద్ధమే. మంచిదాన్నన్న పేరు నాకు ముద్దు, అంతే.

పిల్లలకు తిండి పంపినందుకు ఎవరి ముందూ తల వంచను. ఆ పెట్టెలు మళ్లీ నా గుమ్మంలో దిగితే మళ్లీ జీపును పిలుస్తాను. కానీ నేను పెట్టిన తిండికి మాట పడింది వేరే మనిషి. దాన్ని దానమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆయన ఎక్కడున్నాడో తెలియదు. తెలిసినా వెళ్లి క్షమించమని అడగను. ఆయన వెంటనే క్షమించేస్తాడు, నేను అంత సులువుగా బయటపడకూడదు.

యాదగిరి అన్నయ్య ఆ రోజు మా ఇంటికి వచ్చాడు. సరుకంతా నా చేతికే ఇచ్చాడు. ఆయన దొంగ కాదు.