అందరి మెడలూ చుట్టొచ్చిన టేపు

కుట్టుపిన్నికి ఆ వీధిలో శత్రువన్నవాళ్లు లేరు. దానికి కారణం ఆవిడ మంచితనం ఒక్కటే కాదు, నోట్లో గుండుసూదులు కూడాను. పొద్దున్నే మిషను ముందు కూర్చుంటూనే ఆరేడు సూదులు పెదాల మధ్య బిగించేది. ఇక ఎవరేం చెప్పినా తల ఊపడమే. అత్తగారు వచ్చి కోడలి మీద చాడీలు చెప్పినా ఊపేది, ఆ వెనకే కోడలొచ్చి అత్తగారిని ఆడిపోసుకున్నా ఊపేది. పిన్ని మన పక్షమే అనుకుని ఇద్దరూ తేలికపడి ఇంటికి పోయేవాళ్లు. భర్త పోయాక ఆడపిల్లలిద్దరినీ ఆ మిషను మీదే పెంచి ఓ ఇంటివాళ్లను చేసింది. ఇన్నేళ్లలో ఆవిడ ఒక్క మాట తూలిందని అన్నవాళ్లు లేరు.

ఆవిడ ఉండేది ఆరు వాటాల పాత మేడలో కింది గది. అందరికీ కలిపి పెరట్లో ఒకటే కుళాయి.

కొత్త వైరస్ మొదట టీవీలోకి వచ్చింది, ఆ తర్వాత పిన్ని గదిలోకి. అంటే జబ్బు కాదు, దాని కబుర్లు.

"ఉల్లిపాయల మీద వస్తోందట!" అంది పక్కవాటా కొత్తకోడలు.

"ఉల్లిపాయలు కాదే పిచ్చిమొహమా, లిఫ్టు మీటలు," అంది ఓనరమ్మ.

"మనకి లిఫ్టే లేదు కదా అత్తయ్యగారూ?"

"అందుకేగా ఇంకా బతికున్నాం!"

ఈ ఓనరమ్మే టమాటాలను బట్టల సబ్బుతో తోమి, కూరలో నురగ వస్తోందేమిటని భర్త కేకలేస్తే, "నురగ తిని పోయినవాళ్లెవరూ లేరు, నోరు మూసుకుని తినండి," అన్న మనిషి. ఒకరోజు మనవరాలి గౌను కొలతలకని వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయింది.

"ముందు ఆ సూదులు నోట్లోంచి తీసెయ్యి తల్లీ. నీ ఎంగిలి సూదులు మా పిల్ల గౌనుకి గుచ్చుతావా?"

నిజమే కదా అనిపించింది పిన్నికి. కొత్త సూదులు తెచ్చి గుడ్డదిండుకు గుచ్చుకుంది, ముక్కూ నోరూ కప్పేలా గుడ్డ కట్టుకుంది. పని సాగుతోంది కానీ నోరు ఖాళీ అయిపోయింది. పన్ను ఊడిన చోటికి పోయినట్టు నాలుక ఊరికే పెదాల దగ్గరికి పోయేది.

ఆ వారంలోనే మూలవాటా లెక్కల మేష్టారిని అంబులెన్సు తీసుకెళ్లింది. ఇంట్లో ఆయన భార్య ఒక్కతే మిగిలింది. అంబులెన్సు సందు మలుపు తిరిగిందో లేదో, ఆడవాళ్లంతా పిన్ని గదిలో చేరారు.

"పెరటి కుళాయికి తాళం వేయిస్తాను," అంది ఓనరమ్మ. "అందరికీ తలో తాళంచెవి. ఆవిడకి తప్ప."

"మరి ఆవిడకి నీళ్లో?"

"ఎవరో ఒకరు పోస్తార్లే."

"ఎవరు పోస్తారు?"

"చెప్పానుగా, ఎవరో ఒకరు! ఏం పిన్నీ, నీక్కూడా సమ్మతమేగా? నువ్వు సరే అన్నావంటే ఆవిడ మారు మాట్లాడదు. నువ్వంటే గురి."

అందరూ ఆ తల ఊగుతుందని చూశారు. పిన్ని చెయ్యి మాత్రం మెడలో వేలాడుతున్న టేపు మీదికి పోయింది. జ్వరం రావడానికి ముందు మేష్టారు చొక్కా కొలతలిచ్చింది ఈ గదిలోనే. ఖళ్లు ఖళ్లున దగ్గుతూనే మెడ చాచి నిలబడ్డాడు. ఆ సంగతి ఇప్పుడు చెబితే రేపటినుంచి ఈ గడప తొక్కేవాళ్లుండరు, మిషను మూలపడుతుంది. చెప్పకపోతే మూలవాటాలో ఆవిడకు గుక్కెడు నీళ్లుండవు.

"ఒక్క తాళం చాలదక్కయ్యా," అంది.

ఆ గొంతు వినే చాలా కాలమైంది. అందరూ నోళ్లు తెరిచారు.

"మేష్టారి మెడ కొలిచింది ఈ టేపుతోనే. తర్వాత దీన్ని నా మెడలో వేసుకున్నా. ఆపైన నీ మనవరాలి మెడకి, ఈ పిల్ల నడుముకి, నీ భుజాలకి. తాళమే వెయ్యాలంటే మనందరికీ వేసుకోవాలి."

కొత్తకోడలు నడుము తడుముకుంది. ఓనరమ్మ భుజాలు దులుపుకుంది.

"అంత దగ్గిన మనిషిని కొలిచి అదే మా మెడలకి చుట్టావా! నీకు బుద్ధుందా?"

"సూదులు తీయమన్నావు, తీశాను. టేపు సంగతి నీకు తట్టిందా? నాకూ తట్టలేదు."

పామును చూసినట్టు గది ఖాళీ అయింది. ఆ పూటే ఆరు వాటాల తలుపులూ మూతపడ్డాయి. ఇచ్చిన బట్టలు తిరిగి అడగాలంటే భయం, వదులుకోవాలంటే ప్రాణం ఒప్పదు. పిన్ని టేపును మరిగే నీళ్లలో వేస్తే దాని అంకెలు సగం చెరిగిపోయాయి. మిషను మీద దుప్పటి కప్పి కూర్చుంది. తాను ఊరికే ఊపిన తలను ఎవరెవరు ఎక్కడెక్కడికి మోసుకెళ్లి సాక్ష్యం చెప్పించుకున్నారో ఇన్నాళ్లూ ఆలోచించనే లేదు. మంచిదన్న పేరు ఇంత చవగ్గా వచ్చిందా అనిపించి, ఆ పేరు పోయినందుకు పెద్దగా దిగులు కలగలేదు. మిషను చప్పుడు లేని గదిలో కూర్చోవడమే కష్టంగా ఉంది.

కుళాయికి మాత్రం తాళం పడలేదు. ఎవరికి వేయాలో ఎవరికీ తేలలేదు మరి.

కొన్నాళ్లకు ఓ పొద్దున పెరట్లో నీళ్ల చప్పుడు విని పిన్ని కిటికీ తెరిచింది. మేష్టారి భార్య ముఖానికి కొంగు బిగించుకుని బకెట్టు పెట్టింది. అప్పుడే మెట్లు దిగివచ్చిన ఓనరమ్మ తన బకెట్టుతో అక్కడే ఆగింది. మేష్టారి భార్య గాభరాగా బకెట్టు తీయబోయింది.

"మీరు పట్టుకోండి అక్కయ్యగారూ, నేను తర్వాతొస్తా."

ఓనరమ్మ బకెట్టు కింద పెట్టి గోడకేసి తిరిగింది.

"నిండనీ. నాకేం తొందర్లేదు." గోడను చూస్తూనే, "మేష్టారు భోజనం చేస్తున్నారా?" అంది.

"చేస్తున్నారటండీ. కూరల్లో ఉప్పు లేదని నర్సుతో గొడవట."

"అయితే దివ్యంగా ఉన్నాడు! ఏమిటీ? పూర్తిగా చెప్పు."

మేష్టారు ఆసుపత్రికి వెళ్లాక ఆయన భార్యను ఓ మనిషి పలకరించడం అదే మొదలు. బకెట్టు నిండి, పొర్లి, కాళ్లు తడుపుతున్నా కుళాయి కట్టేయడం మరిచిపోయి, ఉప్పు గొడవంతా మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది.