పెదవి మీద వజ్రం

గ్రంథాలయం వెనక భాగంలో, పాత పేపర్లు గుట్టలు పోసిన వరండా దాటాక, ఒక్కటే కిటికీ ఉన్న గది ఉంది. చిరిగిన పుస్తకాలు అక్కడికి వస్తాయి, తమ కాళ్ళ మీద తాము నిలబడగలిగాక బయటికి వెళ్తాయి. ముప్పై ఆరేళ్ళుగా ఆ గదికి యజమాని, నౌకరు, కాపలా అన్నీ ఒక్క మనిషే. ఎదురుగా అందరూ బైండరు గారూ అంటారు. వెనకాల అనే పేరు ఇంకొకటుంది, దాని సంగతి కాసేపాగి చెబుతాను.

చెయ్యి తిరిగిన పనివాడు, అందులో ఎవరికీ రెండో మాట లేదు. ఆయనతో వేగడమే కష్టం. కుర్చీలో పట్టుమని పది నిమిషాలు కూర్చోడు, కాలుగాలిన పిల్లిలా గదంతా తిరుగుతూనే పని చేస్తాడు. గుడ్డు ఉన్న టిఫిన్ డబ్బాతో ఎవరైనా గడప దాటబోతే చేతిలో బ్రష్ అడ్డం పెట్టి ఆపేస్తాడు. తోలు అట్టల పని ముట్టడు. "చచ్చినదాని చర్మం కప్పుకున్న పుస్తకం చదివితే జ్ఞానమెలా వస్తుందండీ?" అని గుడ్డ అట్టలే వేస్తాడు. కాగితం మడతలు నొక్కడానికి ఆ వృత్తిలో ఎముకతో చేసిన బద్ద వాడతారు. ఈయన వెదురు బద్ద తనే చెక్కుకున్నాడు. కొత్తగా వచ్చిన గ్రంథాలయ అధికారి మొదటి రోజే ఆ వెదురు బద్ద చరిత్రంతా నిలువుకాళ్ళ మీద వినాల్సి వచ్చింది, పాపం.

దీనికంతటికీ మూలం ఒక కోడి. తొమ్మిదో ఏట ఆయన పెంచుకున్నది. పిలిస్తే పరిగెత్తుకొచ్చి భుజం ఎక్కేది. ఒక ఆదివారం మధ్యాహ్నం అది కంచంలోకి వచ్చింది. పిల్లాడు కంచం తోసేసి లేచాడు, రెండు రోజులు ఏడ్చాడు, మళ్ళీ జన్మలో మాంసం ముట్టలేదు. ఆ ఏడుపు నిజం, ఆ పట్టుదలా నిజమే. కాకపోతే జాలిగా మొదలైంది పెత్తనంగా ఎప్పుడు మారిందో ఆయన గమనించుకోలేదు.

ఆ పెత్తనం ఆయనకి ఉన్న ఒక్క తమ్ముణ్ణీ దూరం చేసింది. తమ్ముడు లారీ డ్రైవరు. పదకొండేళ్ళ కిందట సొంత ఇల్లు కట్టుకుని, నలుగురినీ భోజనానికి పిలిచాడు. మరదలు బావగారి కోసమని కొత్త గిన్నె కొని, విడిగా పొయ్యి పెట్టి కూరగాయలు వండింది. వడ్డించే హడావిడిలో తమ్ముడు మాంసం గిన్నెలోని గరిట తీసి ఈ కూరలో ముంచాడు. పొరపాటే. మన బైండరు మాత్రం విస్తరి ముందు నుంచి లేచి, ఇరవై మంది ముందు, "నీ ఇంట్లో ఇంక మంచినీళ్ళు కూడా ముట్టను. శుచీ శుభ్రం తెలియని కొంప" అనేసి చెయ్యి కడుక్కుని వచ్చేశాడు. మరదలు గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. అప్పటి నుంచి రాకపోకలు లేవు. తమ్ముడి పిల్లలు ఆయనకి పెట్టిన పేరు గరిట పెదనాన్న. ఆ పేరు ఎలా పాకిందో గాని గ్రంథాలయం దాకా వచ్చేసింది.

ఇక కూతురి సంగతి. ఒక్కతే కూతురు, ఇరవై ఆరేళ్ళు. పాల డెయిరీలో, పాలు పరీక్ష చేసే ఉద్యోగంలో రెండేళ్ళు చేసింది. మగదూడల్ని పుట్టిన మర్నాడే వ్యానెక్కించి కబేళాకి పంపడం, వాటి తల్లులు సాయంత్రం దాకా గేటు వైపు చూసి అరవడం అక్కడే చూసింది. ఉద్యోగం మానేసింది, పాలూ మానేసింది. పెరుగు, వెన్న, తేనె, ఉన్ని, పట్టు, అన్నీ వరసగా వెళ్ళిపోయాయి. వీగన్‌ని అని చెప్పుకుంది. ఏ పొట్లం చేతికొచ్చినా వెనక్కి తిప్పి సన్నక్షరాలు చదువుతుంది కాబట్టి వాళ్ళమ్మ లేబులమ్మ అని పేరు పెట్టింది.

ఈ ఊళ్ళో కొత్త ఉద్యోగం దొరికి పిల్ల ఇంటికొస్తోందంటే బైండరు సంబరపడ్డాడు. ఆ సంబరం మూడు పూటలు కూడా నిలవలేదు. పిల్ల తన మూకుడు, తన గరిట వెంట తెచ్చుకుంది. గరిట పిడికి ఎర్ర దారం కట్టింది, ఎవరూ కలపకుండా.

"మన ఇంట్లో మాంసం వండరు కదమ్మా, మళ్ళీ వేరే గిన్నెలెందుకు?" అన్నాడు తండ్రి.

"వెన్న తగిలిన గిన్నెలు నాకొద్దు నాన్నా."

"చంపడం వేరు, పాలు పిండుకోవడం వేరు. ఆవు చచ్చిపోతోందా ఏమన్నా?"

"దాని దూడ చచ్చిపోతోంది. నువ్వు తాగే ప్రతి గ్లాసు టీలో ఉంది అది."

"అయితే మాంసం తినేవాడూ నేనూ ఒకటేనా నీ లెక్కలో?"

పిల్ల కాసేపు ఆలోచించి, "వాళ్ళే నయం" అంది. "తింటున్నామని ఒప్పుకుంటారు. నువ్వు సగం దారిలో కుర్చీ వేసుకుని కూర్చుని, వచ్చే పోయే వాళ్ళకి నీతులు చెబుతావు."

ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కింది. యాభై ఏళ్ళ నిష్ఠని పట్టుకుని సగం దారి అంటుందా! అలాంటి మాట ఇంకెవరన్నా అని ఉంటే ఆ గుమ్మం మళ్ళీ తొక్కేవాడు కాదు. కన్నకూతురి గుమ్మం తన గుమ్మమే అయిపోయింది, ఎక్కడికి పోతాడు? వీధి చివరిదాకా నడిచి వచ్చాడు. మళ్ళీ నడిచి వచ్చాడు.

గురువారం పొద్దున అసలు గొడవ జరిగింది. భార్య పరధ్యానంలో, ఎర్ర దారం గరిటతో టీ కలిపింది. పిల్ల చూసింది. అరవలేదు, తిట్టలేదు. తన కంచం తీసుకెళ్ళి కడిగి బోర్లించి, "నావల్ల కాదమ్మా. ఆదివారం దాకా చూసి సోమవారం వేరే గదికి వెళ్ళిపోతాను. ఇక్కడ తినలేను" అంది. తల్లి చేతిలో గరిట అలాగే ఉండిపోయింది, దాని చివర నుంచి టీ చుక్కలు నేల మీద పడుతున్నాయి.

భార్య భర్త వైపు చూసిన చూపుకి మాటలక్కర్లేదు. పైకి మాత్రం ఆయన, "అది వేరు, ఇది వేరు" అన్నాడు, ఎవరూ ఏమీ అడగకుండానే. లోపల ఒకటే భయం. తను తమ్ముడి ఇంటి నుంచి లేచి వచ్చాక పదకొండేళ్ళు గడిచాయి. ఈ పిల్ల తన కూతురు. తన ముక్కు, తన మొండితనం. సోమవారం గడప దాటితే మళ్ళీ ఎన్నేళ్ళకి తొక్కుతుందో?

శుక్రవారమంతా చేతిలో పని నిలవలేదు. ఒక పుస్తకానికి అట్ట తలకిందులుగా వేశాడు, ముప్పై ఆరేళ్ళలో మొదటిసారి. శనివారం పొద్దున్నే ఏమీ తినకుండా బయల్దేరి, వెళ్తూ వెళ్తూ పిల్ల కాగితాల కట్ట సంచిలో వేసుకున్నాడు. పాలు లేకుండా ఏవేవి ఎలా వండుకోవాలో ఆమె రెండేళ్ళుగా విడి కాగితాల మీద రాసుకున్నవి, నూటా పదహారు. వాటిని పుస్తకంగా కుట్టి ఇస్తే పిల్ల మెత్తబడుతుందని ఆశ. నోటితో రాని క్షమాపణ చేత్తో చెప్పడం ఒక్కటే ఆయనకి తెలుసు. కుట్టడం పూర్తి చేసి, అట్టకి గుడ్డ రంగు ఎంచుకోమని ఫోన్ చేసి పిలిచాడు.

పిల్ల వచ్చింది. కుట్టిన కట్ట చూసి, నిజం చెప్పాలంటే, కరిగింది. వేలితో దారం తడిమి, "ఆకుపచ్చది వెయ్యి నాన్నా" అంది. ఆయన మొహం చాటంత అయింది.

"చూడు, నూలు దారం, నూలు గుడ్డ, కాగితం. నువ్వు కూడా వంక పెట్టలేవు" అంటూ హీటరు మీది గిన్నె దగ్గరికి వెళ్ళాడు. అందులో గోధుమరంగు జిగురు కరుగుతోంది. వజ్రం అంటారు దాన్ని. నగలో పొదిగే వజ్రం కాదు, అట్టలూ చెక్కలూ అతికించే బంక పేరు. పలుకులుగా వస్తుంది, నానబెట్టి కరిగించాలి. మరీ వేడెక్కితే పట్టు పోతుంది, చల్లారితే ముద్ద కడుతుంది. సరైన వేడి ఎంతో చెప్పడానికి ఆయనకి పని నేర్పిన పెద్దాయన పెదవినే వాడేవాడు, ఈయనకీ అదే అలవాటైంది. బ్రష్ ముంచి, కింది పెదవికి తాకించి, నాలికతో తుడుచుకుని, "సరిపోయింది" అన్నాడు.

"అదేంటి నాన్నా?"

"వజ్రం."

"దేంతో చేస్తారు?"

"చెట్టు జిగురే అయ్యుంటుంది."

లేబులమ్మ మూలనున్న సంచి దగ్గరికి వెళ్ళింది. సంచి మీద నంబరు తప్ప ఏమీ లేదు. ఫోన్ తీసి వెతికింది. చదువుతున్నకొద్దీ ఆమె కనుబొమలు పైకి లేవడం తండ్రి చూశాడు.

"నాన్నా, ఇది తోళ్ళూ ఎముకలూ ఉడకబెట్టి తీసేది. గొడ్లవి." గిన్నె వైపు చూసి, "రోజూ నాకుతున్నావా దీన్ని?" అంది.

"చెట్టుదే" అన్నాడాయన.

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు."

"అడిగావా ఎవర్నన్నా?"

అడగలేదు. అదీ అసలు సంగతి. మొదటి రోజు ఆ గిన్నెలోంచి ఆవిరి లేచినప్పుడే ఆయన ముక్కు మూసుకున్నాడు. ఏ చెట్టుకీ అలాంటి వాసన ఉండదని అప్పుడే తెలుసు. ఇదేంటండీ అంటే, పెద్దాయన వజ్రం అని ఊరుకున్నాడు. రెండో ప్రశ్న నాలిక చివరిదాకా వచ్చింది. నాలుగేళ్ళుగా పని లేక తిరుగుతున్న ఇరవై మూడేళ్ళ కుర్రాడు ఆ ప్రశ్నని మింగేశాడు. తర్వాత దాన్ని మింగడం కూడా అలవాటైపోయింది. తోలు మానేశాడు, ఎముక బద్ద మానేశాడు, ఊళ్ళోవాళ్ళ టిఫిన్ డబ్బాలు సోదా చేశాడు. ఈ గిన్నె జోలికి మాత్రం పోలేదు.

ఎదురుగా పిల్ల నిలబడి ఉంది. ఆమె మొహంలో కోపం లేదు. ఒక నిర్మలమైన, చల్లని, గెలిచిన చూపు ఉంది. పదకొండేళ్ళ కిందట ఇరవై మంది తన మొహంలో ఏం చూశారో ఆయనకి అప్పుడు తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాడు.

కుళాయి దగ్గరికి పోయి పెదవి కడుక్కున్నాడు. గది ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగాడు. మళ్ళీ కడుక్కున్నాడు. తర్వాత, "మీ బాబాయి నంబరుందా నీ దగ్గర?" అన్నాడు.

ఉంది. పిల్ల ఎప్పుడూ తెంచుకోలేదు. ఆయన చేతులు తడిగా ఉంటే తనే కలిపి, స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచింది.

"చెప్పవే లేబులమ్మా!" లారీ ఇంజను రొదలోంచి గొంతు వచ్చింది.

"నేన్రా" అన్నాడు బైండరు.

 "ఉండు, బండి పక్కకి తీస్తాను" అని వినపడింది. రొద ఆగిపోయింది. "చెప్పన్నయ్యా."

"ఒరేయ్, నేను మాంసం తిన్నాన్రా."

"ఎప్పుడు?"

"రోజూ. ముప్పై ఆరేళ్ళ నుంచి."

తమ్ముడు, "ఉప్పు సరిపోయిందా?" అన్నాడు.

పిల్లకి నవ్వొచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆయనకి నవ్వు రాలేదు. గిన్నె సంగతి, పెదవి సంగతి, ఇప్పుడే బయటపడిన వజ్రం సంగతి తడబడుతూ చెప్పాడు.

"తెలుసన్నయ్యా" అన్నాడు తమ్ముడు.

"ఏం తెలుసు?"

"బండి నేర్చుకున్న కొత్తలో రెండేళ్ళు ఆ బంక ఫ్యాక్టరీకి తోళ్ళ ముక్కలు తోలింది నేనే. ఆ గేటు దగ్గర వాసనా నీ చొక్కా వాసనా ఒకటే. ఎప్పుడో తెలుసు."

బైండరు ఫోన్ దగ్గరికి జరిగాడు. "మరి ఆ రోజు... నీ ఇంట్లో నిలబడి నిన్నూ నీ పెళ్ళాన్నీ అన్నేసి మాటలంటుంటే... ఒక్క ముక్క అని ఉంటే నా నోరు పడిపోయేది కదరా. ఎందుకనలేదు?"

"అంటే? మర్నాడే పని మానేసేవాడివి. నీ సంగతి నాకు తెలియదా? పుస్తకాలు కుట్టడం తప్ప నీకింకేం వచ్చు చెప్పు. మా ఆవిడ కూడా అదే అంది, బావగారి పొట్ట మీద కొట్టకండి అని."

 మరదలికి కూడా తెలుసన్న మాట. గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంటూ కూడా నోరు కట్టుకుంది.

పిల్ల మొహంలో ఇందాకటి చూపు లేదు. ఆకుపచ్చ గుడ్డ మడిచి పక్కన పెట్టింది. ఫోన్ దగ్గరికి వంగి, "నేను చెప్పేశాను బాబాయ్. చూసీ చూడగానే చెప్పేశాను" అంది. 

"చెబితే చెప్పావులే. అబద్ధమేం కాదుగా" అన్నాడు బాబాయి. "ఇంతకీ మీ నాన్న పొద్దున్నుంచీ ఏమన్నా తిన్నాడా?"

ఆమె తండ్రి వైపు తిరిగింది. మూడు రోజులుగా ఆయన సరిగ్గా తినడం లేదని, దానికి కారణం తనేనని ఆమెకి అప్పుడే తట్టింది.

"తినలేదు బాబాయ్" అంది. "ఇంటికి తీసుకెళ్ళి, పక్కనే కూర్చుని నేనూ తింటాను."